మారుతీ 800 మన ఎండకు ఆగదా? పాత చిన్న కార్ల మీద అపోహలు – వాస్తవాలు

మార్చి దాటిందంటే షెడ్డులో ఒకటే పాట. "అన్నా, చిన్న ఇంజిన్ గదా, మన ఎండలకు ఆగుతలేదు. గరమైతుంది. అమ్మేద్దామనుకుంటున్న."

రేడియేటర్ మూత తీస్తే లోపల ఇటుక రంగు నీళ్లు. థర్మోస్టాట్ వాల్వు ఉండాల్సిన చోట ఖాళీ. ఫ్యాన్‌కు సెన్సార్ తీసేసి డ్యాష్‌బోర్డు కింద చేతి స్విచ్చు పెట్టి ఉంటుంది. ఆ స్విచ్చు వెయ్యడం ఒక్కరోజు మర్చిపోతే చాలు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతుంది. ఇంత చేసి ఎండను తిడితే ఏం లాభం?

పాత చిన్న కార్లను ఎక్కువగా చంపుతున్నది ఈ ఒక్క అపోహే. అందుకే దీని గురించి కాస్త తీరుబడిగా చెబుతాను. మిగతావి తర్వాత గబగబా చూద్దాం.

అపోహ: ఇంజిన్ చిన్నది, పాతది కాబట్టి నల్లగొండ, పాలమూరు ఎండల్లో వేడెక్కక తప్పదు.

వాస్తవం: ఇంజిన్‌లో పుట్టే వేడి, కాలిన పెట్రోలును బట్టి ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మోడల్లో నలభై హార్స్ పవర్ కూడా లేని ఇంజిన్ అది. తాగేది తక్కువ, పుట్టించే వేడీ తక్కువే. 1983 డిసెంబర్‌లో మొదటి బండి తాళాలు ఇచ్చిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆపేదాకా ఈ కారు రాజస్థాన్‌లోనూ అమ్ముడుపోయింది, విదర్భలోనూ అమ్ముడుపోయింది. అక్కడి ఎండలు మన ఎండలకు తీసిపోయేవేం కావు.

మరి మే నెలలోనే ఎందుకు గరమవుతుంది? లెక్క సులువే. రేడియేటర్‌లో నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉంటాయనుకోండి. సంక్రాంతి నాడు బయట గాలి 25 డిగ్రీలు, తేడా 65. మే నెల మధ్యాహ్నం గాలి 45, తేడా కూడా 45. ఈ తేడా ఎంత ఉంటే రేడియేటర్ అంత వేడిని బయటికి తోస్తుంది. అంటే ఎండాకాలంలో దాని శక్తి దాదాపు మూడో వంతు తగ్గినట్టే. కంపెనీ వాళ్లు ఇది తెలిసే కొంత మిగులు పెట్టి తయారుచేశారు. ఆ మిగులును గొట్టాల్లో పేరుకున్న పాచి, రెక్కల్లో ఇరుక్కున్న పత్తి నూగు, వదులైన మూత కలిసి ఎప్పుడో తినేశాయి. చలికాలంలో అది బయటపడదు, అంతే.

అసలు దొంగ నీళ్లు. మన జిల్లా నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ పేరు పెట్టారు మరి. అందుకే "ఫ్లోరైడ్ వల్ల రేడియేటర్ జామైంది" అనే మాట కూడా తరచూ వినపడుతుంది. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను వంచింది నిజమే, రేడియేటర్‌ను మూసేది మాత్రం అది కాదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకునే పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. నీళ్లు ఆవిరై పోయినా ఉప్పు లోపలే మిగులుతుంది. వారానికోసారి అర లీటరు బోరు నీళ్లు పోసే మనిషి, వారం వారం లోపలికి కొంచెం కొంచెం రాయి వేస్తున్నట్టే. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు బోరు కన్నా నయం, ఆర్‌ఓ నీళ్లు ఇంకా నయం. కానీ పొయ్యాల్సింది డిస్టిల్డ్ వాటర్, కూలెంట్. బ్యాటరీ షాపులో క్యాన్ల లెక్కన దొరుకుతుంది.

ఇక థర్మోస్టాట్. "మన దగ్గర చలి లేదు, ఆ వాల్వుతో పనిలేదు" అని తీసి పారేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. తీశాక మీటర్ ముల్లు కిందికి దిగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. అక్కడే మోసం. ఆ వాల్వు సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అంతకు ముందు నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వక ఇంజిన్‌ను త్వరగా పని వేడికి తెస్తుంది. అది లేకపోతే ఊళ్లో నాలుగు కిలోమీటర్ల ప్రయాణాల్లో ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే తిరుగుతుంది. పెట్రోలు సరిగా ఆవిరి కాక సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. రింగులు అరుగుతాయి. ఎంపీఎఫ్‌ఐ బండిలో (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే మోడల్) ఇంకా దారుణం: ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సార్ చెబుతూ ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయిందని వచ్చే బండ్లకు ప్లగ్గులు మార్చే ముందు ఆ వాల్వు ఉందో లేదో చూడాలి.

థర్మోస్టాట్ తీస్తే నీళ్లు మరీ వేగంగా తిరిగి చల్లబడవని ఇంకో వాదన ఉంది. అదీ తప్పే. రేడియేటర్ జామైన బండిలో వాల్వు తీస్తే రోగం కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది. అసలు నష్టం అది. తర్వాత ఒకరోజు నార్కట్‌పల్లి దాటాక, నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని పోతుంటే ఒక్కసారిగా ముల్లు పైకి లేస్తుంది.

బండి ఇలా గరమవుతుంటే చూడాల్సిన వరుస ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి.

మొదట మూత. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటుంది, అది తట్టుకునే ఒత్తిడి. ఆ ఒత్తిడి నిలిస్తే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. కింది రబ్బరు వాషర్ గట్టిపడినా, పగిలినా ఒత్తిడి నిలవదు, నీళ్లు 100 దగ్గరే మరిగి బయటికి తంతాయి. "బండి నీళ్లు మింగుతుంది" అని వచ్చిన వాటిలో ముందు మూతే మార్చి చూడాలి. అన్నిటికన్నా చవక అదే.

రెండోది రెక్కలు. ముందు భాగం నుంచి టార్చి వేసి వెనక నుంచి చూడండి. పత్తి ఏరే కాలంలో నూగు, వరి కోతలప్పుడు పొట్టు, రాత్రి ప్రయాణాల్లో పురుగులు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. సర్వీసింగ్ గన్ దగ్గర పెట్టి కొడితే రెక్కలన్నీ పడుకుంటాయి, ఇక గాలి దూరదు.

మూడోది ఫ్యాను. బండి స్టార్ట్ చేసి నిలబెట్టి ఉంచండి. ముల్లు మధ్యకు వచ్చి కాస్త దాటేలోపు ఫ్యాను దానంతట అదే తిరగాలి. తిరగలేదా, సెన్సార్ స్విచ్చు కనెక్టర్ పీకి రెండు కొనలనూ చిన్న వైరుతో కలపండి. అప్పుడు తిరిగితే పోయింది స్విచ్చు. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి. స్విచ్చు కొత్తది దొరుకుతుంది, చేతి స్విచ్చుతో పనిలేదు.

నాలుగోది థర్మోస్టాట్. దారంతో కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు మరగక ముందే తెరుచుకోవాలి, తీస్తే మూసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు గాలి పోయే చిన్న రంధ్రం పైకి ఉండాలి, గ్యాస్కెట్ కొత్తది వెయ్యాలి.

ఆఖరున కడగడం. కింద డ్రెయిన్ వదిలి పాత నీళ్లు తీసెయ్యండి. డిస్టిల్డ్ వాటర్ నింపి పదిహేను నిమిషాలు నడిపి, చల్లారాక వదలండి. నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చెయ్యాలి. బాత్‌రూమ్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. చేతులెత్తి మొక్కుతా, ఆ పని చెయ్యకండి. ఇంజిన్ హెడ్ అల్యూమినియం, యాసిడ్ దాన్ని తినేస్తుంది. కడిగినా దారికి రాకపోతే రేడియేటర్ విప్పాల్సిందే. పాత ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి గొట్టాల్లో రాడ్డు కొట్టించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం రేడియేటర్‌కు అది కుదరదు, మార్చడమే. తర్వాత కూలెంట్ నింపండి. ఈ బండికి మొత్తం నాలుగు లీటర్ల లోపే పడుతుంది. మూత తీసి ఉంచి ఇంజిన్ నడిపితే లోపలి గాలి బుడగలుగా వస్తుంది. పై హోస్ పైపు వేడెక్కిందంటే వాల్వు తెరుచుకున్నట్టు. అప్పుడు తగ్గినంత పోసి మూత పెట్టండి. ఈ గాలి తియ్యని బండి మర్నాడే మళ్లీ గరమై షెడ్డుకు వస్తుంది.

దారిలో ముల్లు లేచిందని భయపడకండి, కానీ ఇంకో రెండు కిలోమీటర్లు పోదామనీ అనుకోకండి. ఏసీ ఆపండి, పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, బానెట్ లేపండి. అరగంట మూత ముట్టుకోవద్దు, ఇంజిన్ మీద చల్లనీళ్లు చల్లొద్దు. హెడ్ వంగేది అప్పుడే. మీటర్లో ఎరుపు చూసి కూడా నడిపితే గ్యాస్కెట్ పోతుంది, గుర్తులు మూడు: సైలెన్సర్ నుంచి ఆగని తెల్లని ఆవిరి, రేడియేటర్‌లో బుడగలు, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారడం. హెడ్ విప్పాక స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడమనండి. 0.05 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వంగితే లేత్ మీద ఫేసింగ్ చేయించాలి. అది చూడకుండా గ్యాస్కెట్ మాత్రం మార్చి ఇస్తే మళ్లీ అదే కథ.

ఇక మిగతావి.

"పదిహేనేళ్లు దాటితే కారు తుక్కుకే." ఈ పుకారు నమ్మి కండిషన్‌లో ఉన్న బండ్లను తూకానికి అమ్ముకున్నవాళ్లున్నారు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అన్న గొడవ ఢిల్లీ ప్రాంతానిది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపింది ప్రభుత్వ వాహనాలకు. మీ సొంత కారుకు ఫారం 25 పెట్టుకుని, ఆర్టీఏలో బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువుకు అరవై రోజుల ముందు నుంచే తీసుకుంటారు. ఏపీ 24, ఏపీ 22 నంబరు ఉంటే టీజీకి మార్చాలన్నదీ ఉత్త మాటే, టీజీ కొత్త రిజిస్ట్రేషన్లకు.

"ఇథనాల్ పెట్రోల్ పోస్తే పాత ఇంజిన్ ఖతం." ఖతం కాదు. పాత రబ్బరు పైపులు మెత్తబడి చీలతాయి, ట్యాంకులో నీరు చేరితే తుప్పు వస్తుంది. ఇంధన పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి, కార్బొరేటర్ కిట్ కొత్తది వేయించండి, ఫిల్టరు తరచూ చూడండి. నెలల తరబడి నిలబెట్టే బండిలో పెట్రోలు నిల్వ ఉంచకండి. మైలేజీ కొంచెం తగ్గుతుంది, అది నిజమే.

"ఎండలో ఆపి మళ్లీ కొడితే స్టార్ట్ కాదు, సెల్ఫ్ పోయింది." సెల్ఫ్ కాదు. టీ తాగి వచ్చేలోపు ఇంజిన్ వేడికి కార్బొరేటర్‌లోని పెట్రోలు మరిగి ఉంటుంది. చోక్ లాగొద్దు, యాక్సిలరేటర్ పదేపదే తొక్కొద్దు. సగానికి పైగా తొక్కిపెట్టి, కదపకుండా ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ రాకుంటే బానెట్ లేపి పది నిమిషాలు ఆగండి.

"టైర్లో గాట్లు బాగున్నాయి, ఇంకా నడుస్తాయి." గాట్లు కాదు, పక్కన అచ్చు వేసిన చివరి నాలుగంకెలు చూడండి. 1219 అంటే 2019లో పన్నెండో వారం. తక్కువ తిరిగే బండికి టైరు అరగదు, ఎండకు పగుళ్లిస్తుంది. ఆరేళ్లు దాటితే పెద్ద రోడ్డుకు తీసుకుపోకండి.

"టాప్ గేరులో మెల్లగా పోతే పెట్రోలు మిగులుతుంది." మెల్లగా పోండి, కానీ టాప్ గేరులో కాదు. నాలుగో గేరులో ముప్పై మీద ఎత్తు ఎక్కితే ఇంజిన్ గొణుగుతుంది, టకటక కొడుతుంది (నాక్ అవడమంటే అదే), వేడీ పెరుగుతుంది. చిన్న ఇంజిన్‌కు తిరగడమే ఇష్టం, మూడోది వెయ్యండి. చదునులో 50, 60 మధ్య ఒకే తీరుగా పోతే ఈ బండి హాయిగా పాడుతుంది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, అది మర్చిపోవద్దు. 80 నుంచి 60కి దిగితే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. 44వ నంబరు హైవే మీద లారీల మధ్య ఆ బండికి పని లేదు. దేవరకద్ర నుంచి ఆత్మకూరు మీదుగా జూరాల, హాలియా మీదుగా సాగర్ లాంటి దారులు దానివి. అద్దం చేత్తో తిప్పి దించుకుంటే బత్తాయి తోట వచ్చిందో, పల్లి చేను వచ్చిందో వాసనతోనే తెలుస్తుంది. సీతాఫలాల బుట్టలు కనపడితే అరిగిన బ్రేకు కూడా సమయానికి ఆపగలిగే వేగమది. (అరిగిన బ్రేకు మాత్రం మార్చుకోండి.)

శ్రీశైలం పోయేవాళ్లు మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందని చూసుకుని బయల్దేరండి. ఆరింటికి గేటు దగ్గర ఉంటే గాలి చల్లగా ఉంటుంది, రేడియేటర్‌కూ సుఖం. అడవిలో జంతువులు అడ్డం వస్తాయి, మూడో గేరు, నలభై చాలు. డ్యామ్ వైపు దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకండి. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు. దిగువకు చేరాక చక్రం దగ్గర వాసన వస్తుంటే బ్రేకులు ఎక్కువ తొక్కారన్నమాట. పావుగంట ఆపండి, హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టండి.