కేక్ గొడవకు అసలు మలుపు 1990లో

అమెరికాలో పెళ్లి కేకుల గొడవ ఏళ్లుగా సాగుతోంది. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో 2012లో ఒక బేకరీ స్వలింగ జంటకు పెళ్లి కేక్ చేయనందని చాలామందికి తెలుసు. ఆ రోజు డిజైన్ గురించి మాటే రాలేదన్నది మాత్రం తక్కువ మందికి తెలుసు. పెళ్లి ఎవరిదో వినగానే యజమాని జాక్ ఫిలిప్స్ కుదరదన్నారు. పుట్టినరోజు కేకులు, కుకీలు కావాలంటే ఇస్తానన్నారు.

దేవుడి పేరు చెప్పి గిరాకీని తిప్పిపంపడం అక్కడ కొత్తేమీ కాదు. 1960ల్లో దక్షిణ కరోలినాలోని పిగ్గీ పార్క్ బార్బెక్యూ హోటళ్లలో నల్లజాతివాళ్లు వంటగది కిటికీ దగ్గర ఆర్డరిచ్చి, తిండి కట్టించుకుని వెళ్లిపోవాల్సి వచ్చేది. అక్కడ తినడానికి వీలుండేది కాదు. మన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1964 పౌరహక్కుల చట్టం దేవుడి సంకల్పానికి విరుద్ధమని ఆ యజమాని వాదించాడు. ఆ వాదనలో పసే లేదని 1968లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అసలు మలుపు 1990లో వచ్చింది. ఆరెగాన్‌లో ఇద్దరు, ఆదివాసీ చర్చి ఆచారం ప్రకారం పెయోటీ అనే మత్తు మొక్క తిన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. నిరుద్యోగ భృతి కూడా దక్కలేదు. అందరికీ ఒకేలా వర్తించే చట్టం నుంచి మత విశ్వాసం మినహాయింపు ఇవ్వదని సుప్రీంకోర్టు జస్టిస్ స్కాలియా తీర్పు రాశారు. దానికి విరుగుడుగా 1993లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఒక చట్టం చేసింది. అది రాష్ట్రాల చట్టాలకు వర్తించదని 1997లో కోర్టు చెప్పింది. వ్యాపారాల్లో స్వలింగ సంపర్కులకు రక్షణ ఇస్తున్నవి రాష్ట్రాల చట్టాలే. అంటే మతం వాదనకు దారి దాదాపు మూసుకుపోయింది.

అందుకే లాయర్లు రూటు మార్చారు. ‘నా మతం ఒప్పుకోదు’ అనే వాదన పక్కన ‘కేక్ చేయడమూ మాట్లాడటమే, నాతో బలవంతంగా మాట్లాడిస్తున్నారు’ అనే వాదన వచ్చి చేరింది. 2018లో సుప్రీంకోర్టులో ఫిలిప్స్ 7–2తో గెలిచారు గానీ, అది రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయన మతాన్ని చిన్నచూపు చూసిందన్న కారణంతో. ఇలా గిరాకీని కాదనొచ్చా అన్న అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. తర్వాత అదే రాష్ట్రంలో, వ్యాపారాల్లో వివక్షను నిషేధించే అదే చట్టం మీద, స్వలింగ జంటల పెళ్లి వెబ్‌సైట్లు చేయనన్న ఒక వెబ్ డిజైనర్ కేసు వచ్చింది. అప్పటికి ఆమె ఒక్క పెళ్లి వెబ్‌సైట్ కూడా చేయలేదు. సుప్రీంకోర్టు మతం సంగతి పక్కన పెట్టి, భావప్రకటన స్వేచ్ఛ ఒక్కదాన్నే విచారణకు తీసుకుని, 2023లో 6–3తో ఆమె పక్షం వహించింది. ఆమె కాదన్నది సందేశాన్నే, మనిషిని కాదన్నారు జస్టిస్ గోర్సచ్. జనానికి తెరిచిన వ్యాపారానికి, చట్టం రక్షించే వర్గాన్ని కాదనే రాజ్యాంగ హక్కు ఇవ్వడం కోర్టు చరిత్రలో ఇదే మొదటిసారని జస్టిస్ సోటోమయోర్ అభ్యంతరం చెప్పారు. ఆమె మాటలో బరువుంది. సందేశం ఎక్కడ ఆగుతుందో, మనిషి ఎక్కడ మొదలవుతాడో కౌంటర్ దగ్గర నిలబడ్డ గిరాకీకి ఎలా తెలుస్తుంది?

ఫిలిప్స్ మీదే వచ్చిన మరో కేసు చూడండి. ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ తన లింగ మార్పుకు గుర్తుగా లోపల గులాబీ, పైన నీలం రంగు ఉన్న కేక్ అడిగితే ఆయన బేకరీ కాదంది. దాని మీద ఒక్క అక్షరం కూడా అక్కర్లేదు. ఆ రంగుల్లో సందేశమేమీ లేదని 2023లో కొలరాడో అప్పీళ్ల కోర్టు చెప్పింది. 2024 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు, కేసు సరైన దారిలో రాలేదంటూ కొట్టేసింది. రంగు కూడా మాటేనా అన్నది తేల్చలేదు.