కార్పొరేటర్ లేని ఊళ్లో ఎమ్మెల్యే

2025 చివర్లో మా వీధి టీ కొట్టు దగ్గర, అనంతపురం నుంచి కొత్తగా దిగిన కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, మన వార్డు కార్పొరేటర్ ఎవరు?" అక్కడున్న నలుగురమూ బెంగళూరులో పదేళ్లకు పైగా అద్దెలు కడుతున్నవాళ్లమే, అయినా ఎవరికీ నోట మాట రాలేదు. చివరికి ఒకాయన "ఎమ్మెల్యే పేరు కావాలంటే చెప్తా తమ్ముడూ" అన్నాడు. ఆ కుర్రాడు మేం ఊరిని పట్టించుకోనివాళ్లం అనుకున్నట్టున్నాడు. అసలు సంగతి, కార్పొరేటర్ అనేవాడే లేడు. బీబీఎంపీ, అంటే బెంగళూరు మహానగర పాలిక, దాని కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న తీరిపోయింది, 2025 ముగిసేదాకా మళ్లీ ఎన్నిక జరగలేదు, ఐదేళ్ల పైచిలుకు ఈ ఊరిని అధికారులే నడిపారు.

మరి ఎమ్మెల్యేలు? 28 నియోజకవర్గాలకూ ఉన్నారు. వాళ్లుండటానికీ కార్పొరేటర్లు లేకపోవడానికీ ఉన్న లంకె అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మరీ వెనక్కి అక్కర్లేదు. 1862లో పేట అనే పాత ఊరికీ, బ్రిటిష్ సైన్యం ఉండే కంటోన్మెంటుకూ రెండు వేర్వేరు మునిసిపాలిటీలు, 1949లో రెండూ కలిసి ఒకే కార్పొరేషన్, అంతవరకు గుర్తుంచుకుంటే చాలు. అసలు కథ ఢిల్లీలో మొదలైంది. పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ రాజ్యాంగంలో చోటివ్వాలని రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన 64, 65వ సవరణ బిల్లులు 1989లో రాజ్యసభలో ఓడిపోయాయి. ఆ పని మన పీవీ హయాంలో పూర్తయింది. 1992 డిసెంబరులో పార్లమెంటు 73, 74వ సవరణలను ఆమోదించింది, పట్టణాల సంగతి చూసే 74వది 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది.

ఇక్కడే మెలిక ఉంది. ఈ సవరణలో కొన్ని మాటలు ఖచ్చితమైనవి. కౌన్సిల్ గడువు ఐదేళ్లే, అది తీరకముందే ఎన్నిక జరిగి తీరాలి, మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోపు జరపాలి. 243యు అధికరణంలో ఇదంతా 'చేయాలి' అన్న ధోరణిలో ఉంటుంది. కానీ మునిసిపాలిటీకి ఏ అధికారాలివ్వాలి, ఏ పనులు అప్పగించాలి అనే 243డబ్ల్యూ దగ్గరికొచ్చేసరికి మాట మారిపోతుంది, రాష్ట్ర శాసనసభ చట్టం చేసి 'ఇవ్వవచ్చు' అంటుంది. పన్నెండో షెడ్యూలులో రోడ్లు, నీళ్లు, చెత్త, పార్కులు, మురికివాడల బాగు అంటూ 18 పనుల జాబితా ఉంది, కానీ ఆ జాబితాకు ప్రాణం పోయాల్సింది ఎమ్మెల్యేలే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. పైగా ఈ పూజారికి తన నైవేద్యంలోంచే తీసి ఇవ్వాల్సి వచ్చింది, ఎందుకంటే కాలవ పూడిక తీయించే పని కార్పొరేటర్‌దైపోతే ఆ వీధిలో ఎమ్మెల్యే పేరు ఎవరు తలుస్తారు?

ఇంకో వింత చూడండి. అదే 1993లో, జూన్‌లో 74వ సవరణ అమల్లోకి వస్తే, డిసెంబరులో అదే పీవీ ప్రభుత్వం ఎంపీల స్థానిక అభివృద్ధి నిధుల పథకం తెచ్చింది. మొదటి ఏడాది ఒక్కో ఎంపీకి 5 లక్షలు, అది పెరిగి పెరిగి 2011 నాటికి ఏటా 5 కోట్లయింది. రాష్ట్రాలు అదే బాటలో ఎమ్మెల్యేలకూ నిధులిచ్చాయి, కర్ణాటకతో సహా. చట్టాలు చేయాల్సిన మనిషిని సిమెంటు రోడ్డుకు కొబ్బరికాయ కొట్టే మనిషిగా మార్చింది ఈ నిధులే అని నా అభిప్రాయం. సుప్రీంకోర్టు 2010లో ఎంపీ నిధుల పథకం చెల్లుతుందనే చెప్పింది, కాబట్టి చట్టపరంగా నా గోలకు విలువ లేదు.

అలాగని కర్ణాటకలో శాసనసభ్యులంతా ఇలాగే ఉన్నారనుకోవద్దు. రాజ్యాంగ సవరణకు దాదాపు పదేళ్ల ముందే, రామకృష్ణ హెగ్డే ప్రభుత్వంలో పంచాయతీరాజ్ మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్ 1983 చట్టం తెచ్చారు. బోరుబావులు తవ్వించినందుకు జనం ఆయన్ని 'నీర్ సాబ్' అనేవారు. ఆ చట్టం కింద 1987లో ఎన్నికలు జరిగాయి, పావువంతు సీట్లు ఆడవాళ్లకు, జిల్లా పరిషత్ అధ్యక్షుడికి సహాయమంత్రి హోదా, ఆయన కింద పనిచేయడానికి ఐఏఎస్ అధికారి. జిల్లాలో కలెక్టరే రాజు అని నమ్మే కాలంలో అది చిన్న విషయం కాదు. తర్వాత 2014లో శ్రీనివాసపుర ఎమ్మెల్యే కె.ఆర్. రమేశ్ కుమార్ నాయకత్వంలో వేసిన కమిటీ పంచాయతీరాజ్ చట్టాన్ని మొత్తం తిరగేసింది, దాని సిఫార్సుల మీదే చట్టం పేరులో 'గ్రామ స్వరాజ్' కూడా చేరింది. (శ్రీనివాసపుర అంటే కోలారు జిల్లా, ఆ పల్లెల్లో తిరిగితే సగం మాటలు మన తెలుగే.) అయితే ఆ తర్వాత జరిగిందీ చెప్పాలి. జిల్లా, తాలూకా పంచాయతీలకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2016లో. 2021లో వాటి గడువు తీరింది, అదే ఏడాది వార్డుల విభజన, రిజర్వేషన్ల పనిని రాష్ట్ర ఎన్నికల కమిషన్ చేతుల్లోంచి తీసేస్తూ అదే శాసనసభ చట్టం మార్చింది.

మళ్లీ బెంగళూరుకొద్దాం. ఇక్కడ నీళ్ల పని 1964లోనే వాటర్ బోర్డుకు పోయింది, లేఅవుట్లు 1976 నుంచి బీడీఏవి (బెంగళూరు అభివృద్ధి సంస్థ), బస్సులకు వేరే సంస్థ. ఇవేవీ మేయర్ మాట వినక్కర్లేదు, అన్నీ రాష్ట్ర ప్రభుత్వం మనుషులవే. 2007లో పాత నగరపాలికకు బొమ్మనహళ్లి, మహదేవపుర, కేఆర్ పురం లాంటి ఏడు పట్టణ మునిసిపాలిటీలనూ కెంగేరినీ 110 ఊళ్లనూ కలిపి బీబీఎంపీ చేశారు. ఊరు పెద్దదైంది గానీ దానికి కౌన్సిల్ రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. 198 వార్డులకు ఎన్నిక జరిగింది, మధ్యలో మూడేళ్లకు పైగా అధికారుల పాలనే.

2015 ఎన్నికల్లో 198 వార్డుల్లో బీజేపీ 100 గెలిచింది. అంటే మేయర్ పదవి ఆ పార్టీదే అనుకుంటాం కదా? కాదు. మేయర్ ఎన్నికలో ఊళ్లోని ఎమ్మెల్యేలకూ ఎమ్మెల్సీలకూ ఎంపీలకూ ఓటుంది. అవి కలిపితే లెక్క 260కి చేరింది. 76 వార్డులు గెలిచిన కాంగ్రెసూ 14 గెలిచిన జేడీఎస్సూ స్వతంత్రులూ ఈ బయటి ఓట్లతో కలిసి మంజునాథ రెడ్డిని మేయర్ చేశారు. చట్టప్రకారం తప్పేమీ లేదు, 243ఆర్ అధికరణం అందుకు వీలిచ్చింది. ఆ మేయర్ పదవి కూడా ఏడాదికే, కుర్చీ వేడెక్కేలోపు దిగిపోవాలి.

2020కి వచ్చేసరికి ఇంకో అడుగు పడింది. కౌన్సిల్ గడువు తీరే వేళకు వార్డులను 198 నుంచి 243కు పెంచుతూ అసెంబ్లీ చట్టం మార్చింది. డిసెంబరులో హైకోర్టు పాత 198 వార్డులతోనే ఎన్నిక పెట్టమంటే, రాష్ట్రం సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. అదే నెలలో వచ్చిన బీబీఎంపీ చట్టంలో నియోజకవర్గ స్థాయి సలహా కమిటీ ఒకటి పెట్టి దానికి ఎమ్మెల్యేను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. 243 మళ్లీ 2023లో 225 అయింది. ఎవరు అధికారంలో ఉన్నా లెక్క మారింది, ఎన్నిక మాత్రం రాలేదు. వార్డులు లెక్కపెట్టడానికే ఐదేళ్లు పట్టింది మరి.

ఎమ్మెల్యే ఏం చేయగలడు అని ఎవరైనా అడిగితే నేను కాలవల గురించి మాట్లాడను. 243ఐ, 243వై అధికరణాల కింద ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి, పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ ఎంత వాటా ఇవ్వాలో అది చెప్పాలి, ఆ నివేదికా దాని మీద ఏం చేశారన్న వివరణా సభ ముందు పెట్టాలి. సభ ముందు అంటే ఎమ్మెల్యే ముందే. 'మా ఊరి వాటా ఏమైంది' అని అక్కడ ఒక్క ప్రశ్న వేయడానికి నిధులూ అక్కర్లేదు, కొబ్బరికాయా అక్కర్లేదు.

ఇప్పుడు గ్రేటర్ బెంగళూరు చట్టం వచ్చింది. 2025 మే 15న అమలైంది, సెప్టెంబరులో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, నవంబరులో మొత్తం 369 వార్డులని తేల్చారు. వాటన్నిటి పైనా ఉండే అథారిటీకి ముఖ్యమంత్రి అధ్యక్షుడు, ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఐదుగురు మేయర్లూ సభ్యులు. దాని మొదటి సమావేశం అక్టోబరులో జరిగింది. ముఖ్యమంత్రి వచ్చారు, అధికారులొచ్చారు. మేయర్లు మాత్రం లేరు, ఎన్నికైతే కదా ఉండటానికి. టీ కొట్టు కుర్రాడికి ఇదంతా చెప్తే కాసేపు ఆలోచించి "మరి స్ట్రీట్ లైటు సంగతి ఎవరికి చెప్పాలన్నా?" అన్నాడు. ఎమ్మెల్యే ఆఫీసుకు దారి చూపించాం.