గోడౌన్ నిండితే సరుకు అమ్ముడైనట్టు కాదు: సప్లయ్ చైన్‌లో అపోహలు - వాస్తవాలు

ప్యాకెట్ తినుబండారాల కంపెనీల్లో పద్దెనిమిదేళ్లుగా ప్లానింగ్ చేస్తున్నాను. అంటే ఫ్యాక్టరీలో ఏది ఎంత చేయాలి, ఏ డిపోకి ఎన్ని బాక్సులు పంపాలి అని లెక్కలు వేసే ఉద్యోగం. సరుకు మిగిలితే నా తప్పు, చాలకపోతే అదీ నా తప్పే. "మనమంతా ఒకే ఫ్యామిలీ" అని డిస్ట్రిబ్యూటర్ల మీటింగులో మైకు పట్టుకుని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి, కంపెనీ, డిస్ట్రిబ్యూటర్లు, సప్లయర్లు కలిసి పనిచేయడం గురించి నాకు అనుభవంలో తెలిసింది రాస్తున్నా.

అపోహ: మీటింగులు పెట్టి, మంచి భోజనం పెట్టి పంపిస్తే కలిసి పనిచేసినట్టే

వాస్తవం: నేను చూసేది ఒక్కటే. డిస్ట్రిబ్యూటర్ నిన్న షాపులకు ఎంత అమ్మాడో నాకు కనిపిస్తోందా, లేదా? దాన్ని మేం సెకండరీ అంటాం. చాలా కంపెనీలు పట్టించుకునేది ప్రైమరీని, అంటే కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి వేసిన బిల్లుని. సేల్స్‌వాళ్ల టార్గెట్లూ ఇన్సెంటివ్‌లూ దాని మీదే ఉంటాయి మరి.

ఒక ఏడాది మార్చి ఆఖరి వారంలో మా సేల్స్ టీమ్ "అన్నా, ఈ ఒక్కసారికి ఎత్తుకో, వచ్చే నెల చూసుకుందాం" అని బతిమాలి డిస్ట్రిబ్యూటర్లందరి దగ్గరా లోడ్లు దింపించింది. ఇక్కడ మేం ఆర్డర్లు చూసి డిమాండ్ పెరిగిందనుకుని నైట్ షిఫ్ట్ వేయించాం, ప్యాకింగ్ ఫిల్మ్ ఎక్కువ రేటుకు అర్జెంటుగా తెప్పించాం. ఏప్రిల్‌లో ఆర్డర్లే లేవు, మే నెలా అంతే. సంగతేంటో చూద్దామని జూన్‌లో రాజమండ్రి వైపు ఒక డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌కి వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు, ఫోన్ టార్చి వేసి వెనక వరస చూపించాడు. రేకుల షెడ్డు, లోపల ఉక్కపోత, పైబరువుకు కింది బాక్సులు నలిగి అంచుల్లో నూనె మరకలు. నాలుగు నెలల షెల్ఫ్ లైఫ్ ఉన్న మిక్చర్ ప్యాకెట్ల మీద మార్చి బ్యాచ్ నంబరు. "ఈ డేటు చూస్తే షాపువాడు ముట్టుకోడు సార్, ముందు నా పాత క్లెయిములు తేల్చండి" అన్నాడు, అంటే కంపెనీ నుంచి ఆయనకు రావాల్సిన బాకీలు. ఆ సరుకంతా ఎక్స్‌పైరీ కింద వెనక్కొచ్చింది. పోనూ రానూ లారీ కిరాయి మాకే పడింది.

దీనికి మా ఫీల్డ్‌లో బుల్‌విప్ అని పేరు. చర్నాకోల పిడి దగ్గర చెయ్యి కాస్త కదిలితే చాలు, కొస ఎంత ఊగుతుందో చూసే ఉంటారు. షాపువాడు పది బాక్సులకు బదులు పన్నెండు అడుగుతాడు, డిస్ట్రిబ్యూటర్ ఎందుకైనా మంచిదని పదిహేను పెడతాడు, డిపో ఇరవై రాస్తుంది, నాలాంటివాడు పాతిక చేయిస్తాడు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లకు పసిపిల్లల డైపర్లలోనే ఇది కనిపించింది. పిల్లలు వాడేది రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కదా, ఆర్డర్లు మాత్రం ఇష్టమొచ్చినట్టు ఊగేవి. 1980ల చివర్లో వాల్‌మార్ట్ తన షాపుల అమ్మకాల లెక్క వాళ్లకు చూపించడం మొదలుపెట్టాక, ఎప్పుడు ఎంత నింపాలో ప్రాక్టర్ వాళ్లే చూసుకునే పద్ధతి వచ్చింది. ఆర్డర్ చూసి ఊహించే పని తగ్గింది, రెండువైపులా స్టాకూ తగ్గింది.

అపోహ: లెక్కలు బయటపెడితే అవతలివాడు నెత్తినెక్కుతాడు

ఇది సగం నిజమే, నేను కాదనను. ఒక చోట మా కార్టన్ల సప్లయర్ నమ్మకంతో తన కాస్టింగ్ షీటు, అంటే తనకు ఎంత ఖర్చవుతుందో రాసుకున్న లెక్క, చూపించాడు. మా పర్చేజ్ హెడ్ అదే షీటు ముందు పెట్టుకుని మరుసటి ఏడాది రేటు కోసేశాడు. ఆ తర్వాత ఆ సప్లయర్ మాకు టీ తాగిన బిల్లు కూడా చూపించలేదు, న్యాయమే. అందుకే నేను చెప్పేది, ఏ వారం ఎంత సరుకు కావాలో ధారాళంగా చెప్పండి, మీకు ఎంత లాభం మిగులుతుందో చెప్పక్కర్లేదు.

అపోహ: పేమెంట్ ఎంత లేటు చేస్తే మనకు అంత లాభం

వాస్తవం: సప్లయర్ బయట తెచ్చిన అప్పు వడ్డీని రేటులో కలిపే కోట్ చేస్తాడు. ఎవరి సొమ్ముతో ఎవరు ఆడుకుంటున్నట్టు? పైగా చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న, సూక్ష్మ సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇంకో మెలిక వచ్చింది, గడువు దాటిన బిల్లును నిజంగా డబ్బు కట్టిన ఏడాదే ఖర్చు కింద చూపించుకోవాలి. చట్టం సంగతి అలా ఉంచితే, సరుకు కొరత వచ్చిన వారం ఆ సప్లయర్ ముందు ఎవరి లోడ్ పంపుతాడో మీరే ఆలోచించండి.

అపోహ: ఒకే సప్లయర్‌తో దగ్గరైతే మునిగినట్టే

మునగొచ్చు కూడా. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సేకి ఫ్యాక్టరీ తగలబడింది. టయోటాకి బ్రేకుల్లో వాడే పీ వాల్వ్ అనే చిన్న భాగం దాదాపు మొత్తం అక్కడినుంచే వచ్చేది. సరుకు దాచుకునే అలవాటు లేని కంపెనీ కాబట్టి రోజుల్లోనే లైన్లు ఆగిపోయాయి. ఐసిన్ డ్రాయింగులు బయటికి ఇచ్చేసింది, పదుల సంఖ్యలో కంపెనీలు తమ దగ్గరున్న మిషన్ల మీదే వాల్వులు చేయడం మొదలుపెట్టాయి, కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా అందులో ఉంది. రేటు మాట్లాడుకునే టైమ్ కూడా లేకుండా దిగారు. వారం పది రోజుల్లో కార్లు మళ్లీ మామూలుగా బయటికొచ్చాయి. ఒకడి మీదే ఆధారపడటం టయోటా తప్పు, అందులో అనుమానం లేదు. ఒడ్డున పడేసింది మాత్రం అన్నేళ్ల పరిచయమే.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొంటే అన్నీ సర్దుకుంటాయి

వాట్సాప్‌లో రోజూ రాత్రి తొమ్మిదింటికి డిస్ట్రిబ్యూటర్ అమ్మకమూ స్టాకూ రాసిన ఒక ఎక్సెల్ వస్తే చాలు, మాకు అలాగే మొదలైంది. నాకు మొదట పంపింది ఆ రాజమండ్రి వైపు డిస్ట్రిబ్యూటరే, అదీ పాత క్లెయిములు తేల్చి, ఆ సొమ్ము ఆయన ఖాతాలో జమ చేసినట్టు క్రెడిట్ నోట్ చేతిలో పెట్టాకే. మొన్న మార్చి 28న ఆయన స్టాకు చూసి నేనే లోడ్ ఆపేశాను. మా ఏరియా సేల్స్ మేనేజర్ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.