తుపాకీ, తాళం, చట్టం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఏటా జూన్ మొదటి శుక్రవారం నాడు తుపాకీ హింసకు బలైనవారిని స్మరిస్తూ నారింజ రంగు దుస్తులు ధరిస్తారు. 2013 జనవరిలో షికాగోలో కాల్పులకు బలైన 15 ఏళ్ల హదియా పెండిల్టన్ స్నేహితులు ఎంచుకున్న రంగు అది. పొరపాటున తూటా తగలకుండా వేటగాళ్లు అడవిలో వేసుకునేదీ అదే. ఎమర్జెన్సీ డాక్టరుగా నేను ఆ సభల్లో మాట్లాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఒకే మాట అంటారు.

అపోహ: చావాలని నిశ్చయించుకున్నవారిని తాళాలూ చట్టాలూ ఆపలేవు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీస్తున్న నమ్మకం ఇదే. 2023లో అమెరికాలో తుపాకీ మరణాలు సుమారు 46,700 కాగా, వాటిలో 27,300 ఆత్మహత్యలు. చనిపోవాలన్న ఉద్ధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాస్త సమయంలో తుపాకీ చేతికందకపోతే మనిషి దక్కుతాడు, అలా దక్కినవారిలో అత్యధికులు ఆ తరువాత కూడా ఆత్మహత్యకు పాల్పడరు. వారాంతపు సెలవుపై ఇంటికి వెళ్లే సైనికులు తుపాకులను శిబిరంలోనే వదలాలని ఇజ్రాయెల్ సైన్యం 2006లో నియమం పెట్టాక, వారిలో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. వారాంతాల్లో తగ్గినవి మిగతా రోజుల్లో పెరగలేదు.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథాలో తెలుగు ఇంజనీరును కాల్చి చంపాక, భయంతో తుపాకీ కొన్న ఒక తండ్రి నాకు గుర్తున్నారు. కొన్నేళ్లకు కుంగుబాటుతో ఉన్న కొడుకును తీసుకొచ్చారు. “అల్మారా పైఅరలో దుప్పట్ల కింద పెట్టాను డాక్టరు గారూ, వాడికి తెలియదు” అన్నారు. విడిగా అడిగితే, ఏ రంగు దుప్పటి కిందో కూడా ఆ అబ్బాయి చెప్పాడు. ఆయన భయాన్ని నేను తప్పుపట్టలేదు. తుపాకీని దాచడం వేరు, తూటాలు తీసి సేఫ్‌లో పెట్టి తాళం వేయడం వేరు అని, అబ్బాయి కోలుకునేదాకా అది ఇంట్లోనే ఉండకూడదని చెప్పాను. పోలీసుల సలహాతో ఆ సాయంత్రమే తరలించారు.

అపోహ: రెడ్ ఫ్లాగ్ చట్టం వస్తే అందరి తుపాకులూ లాక్కుంటారు.

వాస్తవం: ఈ పుకారు వినీ వినీ విసుగొచ్చింది. కనెక్టికట్ 1999లోనే తెచ్చిన ఈ చట్టం కింద, ప్రమాదం ఉందని పోలీసులు, చాలా రాష్ట్రాల్లో కుటుంబసభ్యులు కూడా, కోర్టుకు ఆధారాలు చూపాలి. ఆ ఒక్క వ్యక్తి తుపాకులను, అదీ చాలా రాష్ట్రాల్లో గడువు మేరకే, కోర్టు తీసివేయిస్తుంది.

తుపాకీ చట్టాలన్నీ రాజ్యాంగ విరుద్ధమన్నదీ నిజం కాదు: గృహహింస కారణంగా కోర్టు నిరోధక ఉత్తర్వులకు లోబడినవారి వద్ద తుపాకీ ఉండరాదన్న చట్టాన్ని 2024లో సుప్రీంకోర్టు 8-1తో సమర్థించింది. హెచ్-1బీ వీసాపై ఉన్నవారెవరైనా కొనుక్కోవచ్చన్నదీ తప్పే. వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే అది ఫెడరల్ నేరం.

పిల్లల ప్రవర్తన చూసి దిగులుపడుతున్న తల్లిదండ్రులు ఇంట్లో తుపాకీ ఉన్న సంగతి డాక్టరుకు నిస్సంకోచంగా చెప్పవచ్చు. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఆత్మహత్య ఆలోచన ఉన్నవారే కాదు, వారి గురించి భయపడుతున్నవారూ చేయవచ్చు.