సాలగ్రామంలో సముద్రం

మా ఇంటి దేవుడి మందిరంలో ఒక సాలగ్రామం ఉంది. గుప్పిట్లో పట్టేంత నల్లరాయి. రంధ్రంలోంచి చూస్తే లోపల చుట్లు కనిపిస్తాయి. మనం వాటిని విష్ణుచక్రంగా కొలుస్తాం. భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడ అమ్మోనైట్‌ను గుర్తుపడతారు. నత్తలా చుట్టుకున్న గుల్లలో బతికి, ఏనాడో అంతరించిపోయిన సముద్రజీవి అది. ఆ సంగతి తెలిశాక ఆ రాయికి ఇంకాస్త ఇష్టంగానే దండం పెట్టుకుంటున్నాను.

సాలగ్రామాలు దొరికేది నేపాల్‌లో, ముక్తినాథ్ దగ్గరి కాళీ గండకి నదిలో. అక్కడికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. పైగా రెండున్నర కిలోమీటర్లకు మించిన ఎత్తు. మరి సముద్రజీవి అక్కడికెలా చేరింది?

సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట మన భూభాగం దక్షిణార్ధగోళంలో ఉండేది. దాని ఉత్తరపు అంచున టెథిస్ సముద్రం. చచ్చిన అమ్మోనైట్లు ఆ అడుగు బురదలో కూరుకుపోయాయి, బురద రాయైంది. భూమి పైపొర పలకలుగా, అంటే పెద్ద పెద్ద రాతి ముక్కలుగా ఉంటుంది. తర్వాత మన పలక పక్క భూభాగాల నుంచి విడిపోయి ఉత్తరానికి కదిలింది.

పలకలు కరిగిన లావా మీద తేలతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కింద ఉన్న మాంటిల్ అనే మందపాటి పొర దాదాపు అంతా గట్టి రాయే. భూమి పుట్టినప్పటి వేడి, యురేనియం, థోరియం లాంటివి క్షీణిస్తూ ఇచ్చే వేడి కలిసి ఆ రాయిని అతి నెమ్మదిగా పారిస్తాయి. చల్లబడి బరువెక్కిన టెథిస్ అడుగు ఆసియా కిందికి దిగుతూ, బావిలోకి జారే చేద తాడును లాక్కుపోయినట్టు, మన పలకను తనవైపు లాగింది. ఒక దశలో ఆ వేగం ఏడాదికి 15 సెంటీమీటర్లు.

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట రెండు ఖండాలూ ఢీకొన్నాయి. ఖండాల రాయి తేలిక, సముద్రపు అడుగులా సులువుగా మునగదు. అందుకే గోడకేసి నెట్టిన చాపలా ముడతలు పడింది. పగిలిన చోట ఒక పొర మీదికి ఇంకో పొర ఎక్కింది. ఎవరెస్టు శిఖరం మీది సున్నపురాయిలోనూ సముద్రజీవుల శిలాజాలున్నాయి.

ఆ నెట్టుడు ఇంకా ఆగలేదు. ఇప్పటికీ ఏటా సుమారు 2 సెంటీమీటర్ల కదలికను హిమాలయాలే భరిస్తున్నాయి. రాళ్లలో పేరుకున్న ఆ ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైతే భూకంపమే. 2015 ఏప్రిల్ 25న కాఠ్మండు ప్రాంతం క్షణాల్లో దాదాపు మీటరు పైకి లేచింది. సుమారు 9 వేలమంది చనిపోయారు. కొండలు పెరగడమంటే ఇదీ.

కాళీ గండకి మాత్రం ధవళగిరి, అన్నపూర్ణల మధ్య నుంచి కొండను కోసుకుంటూ పారుతూనే ఉంది. కోసేకొద్దీ నల్లరాతి పొరల్లోంచి సాలగ్రామాలు ఊడి నీళ్లలో పడతాయి. దొర్లి దొర్లి నునుపెక్కిన ఆ రాళ్లనే యాత్రికులు ఏరుకుంటారు.