‘ఉన్నచోటే ఇల్లు’ అన్న మాట ఎక్కడ తప్పింది?

గుడిసెవాసులకు ప్రభుత్వ బోర్డు కట్టిచ్చిన పాత బ్లాకు కూల్చి కొత్తది కడతామని చెప్పిన చోటల్లా చెన్నైలో తగాదా మళ్లీ లేస్తోంది. కొత్త ఇల్లు ఎవరి పేరున, మేం కట్టాల్సిన వాటా ఎంత, కట్టేదాకా ఎక్కడుండాలి అని జనం అడుగుతున్నారు. శిథిలమైన ఇల్లు వదలడానికి ఇంత మొండితనం ఎందుకని బయటివాళ్లకు అనిపించవచ్చు. వాళ్ల భయం అర్థం కావాలంటే ఊరి చివర పునరావాస కాలనీ కన్నగి నగర్ దాకా వెళ్లాలి.

ఆ బోర్డు 1970లో కరుణానిధి ప్రభుత్వం పెట్టిన కుడిసై మాట్రు వారియం, అంటే గుడిసెల బదులు ఇళ్లు కట్టిచ్చే సంస్థ. గుడిసెలున్న చోటే బ్లాకులు కట్టి, ఆ కుటుంబాలకే ఇవ్వడం దాని మొదటి పద్ధతి. 2021లో బోర్డు పేరు మార్చారు. అసలు మార్పు అంతకు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది.

2000లో ఒక్కియం తురైపాక్కంలో కన్నగి నగర్ మొదలైంది. సెంట్రల్ స్టేషన్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. దఫదఫాలుగా 15 వేలకు పైగా ఇళ్లు కట్టి, నగరంలో ఖాళీ చేయించిన వాళ్లను అక్కడికి తరలించారు. ఆ తర్వాత సెమ్మంచేరి, ఇంకా దూరాన పెరుంబాక్కం. పేదవాడికి గోడలు, పైకప్పు దొరికితే చాలు, చోటు ఏదైనా ఒకటే అన్న ఆలోచన అప్పుడే స్థిరపడింది. నా దృష్టిలో ఇప్పటి గొడవలన్నిటికీ మూలం అదే.

చోటు పోతే ఏం పోతుందో పారిశుధ్య కార్మికుల ఇళ్లలో చూడాలి. చెన్నైలో ఈ పని చేసేవాళ్లలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తెల్లవారేసరికి డ్యూటీలో ఉండాల్సిన తల్లి పెరుంబాక్కం నుంచి రావాలంటే చీకట్లోనే బస్సు పట్టుకోవాలి. పిల్లల్ని బడికి పంపేవాళ్లు ఉండరు. పాత పేటలో అయితే పక్కింటి పిన్ని చూసేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళంతో పెరిగిన ఆ పిల్లలకు దగ్గర్లో ఉన్న తెలుగు బడి కూడా దూరమైపోయింది. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక అసలే చిక్కిపోతున్న బడులవి. కన్నగి నగర్ పేరు చూస్తే పని ఇవ్వరేమోనని అక్కడి కుర్రాళ్లు ఉద్యోగానికి వెళ్తే అడ్రస్‌లో ఒట్టి తురైపాక్కం అని రాసుకోవాల్సి వచ్చింది.

నదీగట్ల మీద ప్రాణాలకు ముప్పు, కోర్టు ఆదేశాలున్నాయి, నగరంలో స్థలం లేదు అని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. 2015 వరదలు చూసినవాళ్లెవరూ ముప్పు లేదనరు. కానీ కూవం నది ఒడ్డున సత్యవాణి ముత్తు నగర్‌ను 2019 డిసెంబరులో, చదువుల మధ్యలో, ఖాళీ చేయించి పెరుంబాక్కం పంపడానికి వరద కారణం చాలదు. ఇక స్థలం అంటారా, నగరంలోనే 1996లో మూతపడ్డ బిన్నీ బట్టల మిల్లు నేల మీద ఇప్పుడు ఆకాశమంత అపార్ట్‌మెంట్లున్నాయి. మిల్లు కూలీలు బతికిన ఆ చుట్టుపక్కలకు కొత్త జనం వస్తున్నారు. స్థలం ఉంది, అది ఎవరికన్నదే ప్రశ్న.

2022 మేలో ఆర్.ఎ.పురం గోవిందసామి నగర్‌లో ఇళ్లు కూలుస్తుంటే ఒకాయన ఒంటికి నిప్పంటించుకుని చనిపోయారు. అప్పుడుగానీ ఆ కుటుంబాలకు మందైవెళి, మైలాపూరు ప్రాంతాల్లోనే ఇళ్లిస్తామని ముఖ్యమంత్రి స్టాలిన్ అసెంబ్లీలో ప్రకటించలేదు. అంటే దగ్గర్లో ఇవ్వడం సాధ్యమేనన్నమాట.

ఉన్నచోటే కట్టినప్పుడు కూడా అంతా సవ్యంగా జరగలేదు. పుళియంతోపులోని కె.పి.పార్కు అనే బోర్డు కాలనీలో 1,920 ఫ్లాట్లు కట్టారు. ఒక్కో కుటుంబం లక్షన్నర రూపాయల వాటా కట్టాలన్నారు. 2021లో చేత్తో గీకితే గోడ పూత రాలిపోతుంటే ఐఐటీ మద్రాసు నిపుణులతో తనిఖీ చేయించాల్సి వచ్చింది. పాత ఇల్లు ఖాళీ చేసినందుకు బోర్డు ఇచ్చేది ఒకేసారి 24,000 రూపాయలు. కొత్తది పూర్తవడానికి రెండేళ్లు పడితే నెలకు వెయ్యి. ఆ డబ్బుకు ఈ ఊళ్లో అద్దె గది రాదు. పైగా తాత పేరున కేటాయించిన ఒకే ఇంట్లో ఇప్పుడు రెండు మూడు కాపురాలున్నాయి. లెక్కలో మాత్రం ఒక్క ఇల్లే.

అందుకే సామాన్లు సర్దే ముందు వాళ్లు కాగితం అడుగుతున్నారు. ఏ బ్లాకు, ఏ నంబరు, ఎవరి పేరు, ఎప్పటిలోగా అన్నది సంతకంతో రాసివ్వమంటున్నారు.