పొంగకూడని బన్ను

తినే బన్నుకు పొంగడమే ప్రాణం. అలంకారానికి పెట్టుకునే ఉప్పుపిండి బన్నుకు అదే గండం. ఒకదానిలో వాయువూ ఆవిరీ గ్లూటెన్ (పిండిలోని సాగే ప్రోటీన్) గదుల్ని ఉబ్బించాలి. రెండోదానిలో నీరు ఒక్క బుడగ కూడా లేపకుండా మెల్లగా జారుకోవాలి. ఈ పనిలో ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు నీటి దగ్గరే మొదలవుతాయి.

కొలత తేలికే: రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు. కప్పుల్లో ఉప్పు సగమే అనిపించినా తూకంలో మైదా దాదాపు 250 గ్రాములైతే ఉప్పు 280 దాటుతుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగేది 36 గ్రాముల ఉప్పే కాబట్టి, మనం పోసే 180 మిల్లీలీటర్లలో 65 గ్రాములు మాత్రమే కరుగుతాయి. మిగతాది పలుకులుగానే ఉండిపోతుంది. ఆరేటప్పుడు పిండి మరీ కుంచించుకుపోకుండా ఆపేవి ఈ పలుకులే, బన్ను మీద గరుకు తేల్చేవీ ఇవే. నున్నగా రావాలంటే ఉప్పును ముందే మిక్సీలో పొడి చేసుకోవాలి. నీళ్లు ఒక్కసారి పోయొద్దు. పిండి చేతికి అంటుతోందంటే ఎక్కువయ్యాయి, మడిస్తే అంచులు చిట్లుతున్నాయంటే చాలలేదు. పది నిమిషాలు బాగా పిసికి, మూతపెట్టి అరగంట వదిలేస్తే గ్లూటెన్ సడలుతుంది, ఒత్తిన ఆకారం వెనక్కి లాగేసుకోదు. బేకింగ్ పౌడర్ కలిపి అమ్మే పిండి మాత్రం దీనికి పనికిరాదు.

మందం ఒక సెంటీమీటరు దాటితే పైపొర ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపలి తడి తర్వాత ఆరుతూ దాన్ని లాగుతుంది, బీట పడుతుంది. అందుకే పెద్ద బన్నుకు లోపల అల్యూమినియం రేకును గట్టిగా ఉండచుట్టి పెట్టి, పైన పిండి కప్పుతారు. విరిచిన బ్రెడ్డు లోపలి స్పాంజితనం కావాలంటే పాత టూత్‌బ్రష్‌తో పొడిచి, సూదితో అక్కడక్కడ రేపితే చాలు. అన్ని రంధ్రాలూ ఒకే సైజులో ఉంటే జల్లెడలా కనిపిస్తుంది, జాగ్రత్త.

ఓవెన్ 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలి. మూడు గంటలైనా పడుతుంది, మధ్యలో ఒకసారి తిరగేయాలి. తొందరపడి వేడి పెంచితే లోపలి నీరు ఆవిరై పైపొరను బొబ్బలా లేపుతుంది. మైక్రోవేవ్‌లో ఇది మరీ ఎక్కువ. అడుగున ముదురు మచ్చ కనిపిస్తే అక్కడ ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక ఓవెన్ ఆపేసి అందులోనే చల్లారనివ్వాలి.

ఇక రంగు. చూసేవాళ్లు మోసపోయేదీ, పసిగట్టేదీ ఇక్కడే. అసలు బన్ను లోపలి భాగం నీరున్నంతవరకూ 100 డిగ్రీలు దాటదు కాబట్టి తెల్లగా ఉంటుంది. పైభాగం ఎండి 140 డిగ్రీల దరిదాపులకు చేరాక చక్కెరలు, ప్రోటీన్లు కలిసి గోధుమరంగు తెస్తాయి. దీన్నే మెయిలార్డ్ చర్య అంటారు. ఎత్తుగా ఉన్నచోటు త్వరగా ఎండి ముందు ముదురుతుంది. కత్తిగాటు లోపల, పక్క బన్నుకు ఆనుకున్న చోట పాలిపోయి ఉంటుంది. రంగు వేసేటప్పుడు ఈ వరసే పాటించాలి: ముందు అంతటా పలచని ఓకర్ పసుపు (మట్టి పసుపు), దానిమీద దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో నారింజ గోధుమ, చివరికి గట్ల మీద మాత్రమే ముదురు గోధుమ. ఒకే గోధుమరంగు అంతటా పూస్తే అది బన్ను కాదు, చెక్కముక్క. బిస్కెట్టుకు మెరుపు అక్కర్లేదు, మ్యాట్ వార్నిష్ వేయండి. గుడ్డుసొన పూసి కాల్చినట్టుండే బన్నుకే నిగనిగ.

కేకు మీది సన్నటి క్రీము పూలకు ఉప్పుపిండి మొరటు. వాటికి కోల్డ్ పోర్సిలిన్ మేలు. పేరుకే పింగాణీ. ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒక కప్పు తెల్లటి పీవీఏ జిగురు (కాగితానికి, చెక్కకు వాడేది), రెండేసి పెద్ద చెంచాల బేబీ ఆయిల్, వెనిగర్ కలిపి సన్నటి సెగమీద తిప్పుతుంటే, 65–70 డిగ్రీల దగ్గర పిండిరేణువులు నీరు పీల్చి ఉబ్బి, ముద్ద గిన్నెను వదిలేస్తుంది. అక్కడే దించాలి. ఇంకాస్త ఉంచితే పొడిపొడిగా విరుగుతుంది. దీన్ని గాలికే ఆరబెడతారు, ఆరాక చిన్నదవుతుంది, జిగురు పారదర్శకమై తెలుపు పోతుంది. అందుకే ముందే కాస్త తెల్ల రంగు కలిపి, ఆకారం కొంచెం పెద్దగా చేసుకోవాలి.

గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా నీరు పీల్చుకుని చెమర్చుతుంది. వార్నిష్ రెండు మూడు పూతలు, అడుగుభాగంతో సహా వేయడం అందుకే. లోపల తడి ఉండగా పూస్తే అది పొరలుగా లేచిపోతుంది. పూత వేయని బన్ను మెత్తబడితే మళ్లీ ఓవెన్‌లో ఆరబెట్టుకోవచ్చు. కుక్కలున్న ఇంట్లో మాత్రం అందనంత ఎత్తులో పెట్టాలి, ఇందులోని ఉప్పు వాటి ప్రాణం మీదికి తెస్తుంది.